యమున పక్కనే ఉన్నా బావి నీళ్లు తాగిన ఇల్లు: హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా లంగర్ కథ

ఢిల్లీ శివారులో గియాస్‌పూర్ అని ఒక చిన్న ఊరు. పక్కనే యమున పారేది. ఒకరోజు హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా (రహ్మతుల్లాహి అలైహ్) అటుగా వెళుతూ ఒక ఆడమనిషి బావిలో నీళ్లు తోడుకోవడం చూశారు. నది ఇంత దగ్గర్లో ఉంటే చేద వేసి తోడుకునే కష్టం దేనికని అడిగారు. ఆమె సంకోచిస్తూనే అసలు సంగతి చెప్పింది. భర్త చేతిలో పైసా లేదు, ఇంట్లో తిండి గడవడం లేదు. యమున నీళ్లు తాగితే తిన్నది తొందరగా అరిగిపోయి మళ్లీ ఆకలి వేస్తోంది. బావి నీళ్లతో ఆ బాధ కాస్త తక్కువ. అందుకే ఇంట్లో అందరూ ఈ నీళ్లతోనే సరిపెట్టుకుంటున్నారు.

ఆ మాట వినగానే ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఖాన్ఖాకు తిరిగొచ్చి, వ్యవహారాలు చూసే ఖ్వాజా ఇక్బాల్‌ను పిలిచారు. మన గియాస్‌పూర్‌లోనే ఆకలికి భయపడి యమున నీళ్లు ముట్టని ఇల్లు ఒకటి ఉందని చెప్పారు. ఆ ఇంటికి రోజుకు ఎంత ఖర్చు అవుతుందో కనుక్కుని, అదంతా క్రమం తప్పకుండా చేరేలా చూడమన్నారు.

నిజాముద్దీన్ ఔలియా పేరు చెప్పగానే మనకు ఖవ్వాలీ, అమీర్ ఖుస్రో, బసంత్ పండుగ, దర్గా ముందు గులాబీ పూల దుకాణాలు గుర్తొస్తాయి. ఢిల్లీకి రైల్లో వెళ్లినవాళ్లకైతే ఒక స్టేషన్ పేరు కూడా. కానీ ఆయన కాలంలో ఆ చోటుకు వచ్చేవాళ్లలో చాలామంది అన్నం కోసం వచ్చారు. ఆ అన్నం ఎలా పెట్టారు, దానికి డబ్బు ఎక్కడ నుంచి వచ్చింది, ఎక్కడ నుంచి రానివ్వలేదు అన్నది చూస్తే ఆయన జీవితం వేరేగా కనిపిస్తుంది. ఆకలితో ఉన్న ఇల్లు తన ఆకలిని ఎలా దాచుకుంటుందో ఆయనకు బాగా తెలుసు. ఎందుకంటే ఆయన పుట్టి పెరిగింది అలాంటి ఇంట్లోనే.

ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని బదాయూన్ ఆయన సొంతూరు. పుట్టిన సంవత్సరం 1238 అని ఎక్కువగా రాస్తారు. తాతలు ఇద్దరూ బుఖారా నుంచి, మంగోలుల దాడుల కాలంలో అన్నీ వదిలేసి ఇటు వచ్చినవాళ్లు. పెట్టిన పేరు ముహమ్మద్. తండ్రి అహ్మద్ పిల్లాడు చాలా చిన్నగా ఉన్నప్పుడే పోయారు. ఇక ఇంట్లో మిగిలింది తల్లి బీబీ జులేఖా, అక్క, ఈయన. సంపాదించే మగదిక్కు లేదు.

ఇంట్లో వండటానికి ఏమీ లేని రోజున తల్లి పిల్లలకు ఒకటే మాట చెప్పేవారట. ఈ రోజు తాము అల్లాహ్ ఇంటి అతిథులమని. పిల్లాడు ఆ మాటకు ఎంత అలవాటు పడ్డాడంటే, ఒకసారి ఎవరో ఒక టంకా విలువైన గల్లా ఇంట్లో వేసి వెళ్లారు. రోజూ రొట్టెలే. అన్ని రోజులూ కడుపు నిండుతుంటే పిల్లాడికి విసుగొచ్చింది, అమ్మ మళ్లీ ఆ మాట ఎప్పుడు అంటుందా అని ఎదురు చూశాడు. గల్లా అయిపోయి ఆమె ఆ మాట అన్న రోజున తనకు కలిగిన సంతోషాన్ని ఆయన పెద్దయ్యాక కూడా తలచుకునేవారు.

ఈ సంగతిని మన బయాన్‌లలో సబర్‌కు ఉదాహరణగా చెబుతారు. నిజమే. కానీ నాకు ఇందులో ఒక తల్లి తెలివి కూడా కనిపిస్తుంది. పస్తు ఉన్నందుకు పిల్లలు సిగ్గుపడకూడదని, పక్కింటి వైపు చూడకూడదని ఆమె ఆకలికి ఒక గౌరవమైన పేరు పెట్టుకుంది. ఈ రోజుకీ నెలాఖరున ఇలాంటి మాటలు చెప్పి పిల్లల్ని పడుకోబెట్టే అమ్మలు మన బస్తీల్లో ఉన్నారు.

బదాయూన్‌లో ఆయనకు చదువు చెప్పిన మౌలానా అలావుద్దీన్ ఉసూలీ గురించి కూడా ఒక సంగతి చెబుతారు. మౌలానా పేదవారు, కానీ ఎవరి దగ్గరా చెయ్యి చాచరు. ఒకసారి ఆకలికి తట్టుకోలేక తెలగపిండి తింటున్నారు. అంటే నువ్వుల నుంచి నూనె తీశాక మిగిలే పిండి. ఇంతలో మంగలి వచ్చాడు. అతనికి కనిపించకూడదని మౌలానా ఆ పిండిని తలపాగాలో దాచుకున్నారు. మంగలి పని మొదలు పెట్టడానికి తలపాగా తీస్తే అది కాస్తా కింద పడింది. అతను వెళ్లి ఊళ్లో ఒక సంపన్నుడికి చెప్పాడు, ఆయన నెయ్యి, గింజలు, డబ్బు పంపాడు. మౌలానా అవన్నీ తిప్పి పంపేసి, తన ఇంటి గుట్టు బయటపెట్టినందుకు మంగలిని మందలించారు. శిష్యుడు ఇలాంటి గురువు దగ్గర చదువుకున్నాడు.

ఆ చదువులో ఒక దశ పూర్తయి ఫిఖ్‌హ్ గ్రంథం ఖుదూరీ ముగించినప్పుడు, ఆలిమ్‌ల ఎదుట తలపాగా కట్టుకోవాలి. కొనడానికి డబ్బు లేదు. తల్లే నూలు వడికి, నేయించి కొడుక్కి తలపాగా సిద్ధం చేశారు. వచ్చిన పెద్దలకు ఉన్నదాంట్లో భోజనం కూడా పెట్టారు.

పదహారేళ్ల ప్రాయంలో పై చదువు కోసం తల్లినీ అక్కనూ తీసుకుని ఢిల్లీ వచ్చారు. ఢిల్లీలో గొప్ప ఉస్తాదుల దగ్గర హదీస్, ఫిఖ్‌హ్ చదివారు, వాదనలో గట్టివాడని పేరు తెచ్చుకున్నారు. ఇంట్లో మాత్రం అదే పరిస్థితి. అది బల్బన్ జమానా, వస్తువులు చవక. ఒక జీతల్ రాగి నాణెం పెడితే మణుగుల లెక్కన ఖర్బూజా వచ్చే రోజులు. అయినా కొన్నిసార్లు సీజన్ మొత్తం గడిచిపోయినా ఒక్క ముక్క నోట్లో పెట్టుకునే యోగం ఉండేది కాదని ఆయనే చెప్పుకున్నారు. రొట్టెలూ అంతే చవక. కానీ ఆ ఒక్క జీతల్ చేతిలో ఉండాలి కదా. బీకామ్‌లో మాకు ధర గురించి ఒక పాఠం, కొనుగోలు శక్తి గురించి మరో పాఠం ఉండేది. బజార్లో ధర తగ్గిందని పేపర్లో రాస్తాం, జేబు ఖాళీగా ఉన్న ఇంటికి ఆ వార్తతో పని లేదు.

ఇరవై ఏళ్ల వయసులో అజోధన్ వెళ్లారు. ఇప్పుడది పాకిస్తాన్ పంజాబ్‌లోని పాక్‌పట్టన్. అక్కడ బాబా ఫరీద్ చేతి మీద బైఅత్ చేశారు. బాబా ఫరీద్ బతికి ఉండగా మూడుసార్లు వెళ్లి వచ్చారు. ఆ జమాత్‌ఖానాలో వంట అంటే శిష్యులందరి పని. ఒకరు అడవి నుంచి కట్టెలు తెస్తారు, ఒకరు డేలా అనే అడవి కాయలు కోసుకొస్తారు, ఒకరు నీళ్లు మోస్తారు, గిన్నెలు తోముతారు. ఉడకబెట్టే పని నిజాముద్దీన్‌ది.

ఒకరోజు ఉప్పు లేదు. ఆయన పక్కన ఉన్న దుకాణంలో అరువు మీద ఉప్పు తెచ్చి వేశారు. గిన్నె ముందు పెట్టగానే బాబా ఫరీద్ ముద్ద తీసుకోబోయి ఆగిపోయారు, చెయ్యి బరువెక్కిందని అన్నారు. ఉప్పు ఎక్కడిదని అడిగి తెలుసుకున్నారు. ఫకీర్ ఆకలితో చచ్చిపోయినా పర్వాలేదు, నాలుక రుచి కోసం అప్పు చేయకూడదని చెప్పి ఆ గిన్నె తీయించేశారు. ఇక జన్మలో అప్పు చేయనని నిజాముద్దీన్ ఆ రోజే నిర్ణయించుకున్నారు. అప్పటికే ఢిల్లీలో ఒక బట్టల వ్యాపారికి ఆయన 20 జీతళ్లు బాకీ ఉన్నారు, ఒకాయన దగ్గర తీసుకున్న పుస్తకం పోగొట్టారు. తిరిగి రాగానే ముందు వ్యాపారి దగ్గరికి వెళ్లి చేతిలో ఉన్న 10 జీతళ్లు కట్టారు. ఆ వ్యాపారి మిగతా 10 వదిలేశాడు. పుస్తకం బదులు కొత్త ప్రతి రాసి ఇస్తానంటే ఆ పెద్దమనిషి కూడా మాఫ్ చేశాడు.

కిరాణా కొట్టు ఖాతా మీదే నెల గడిపే ఇళ్లవాళ్లు ఇది చదివి నొచ్చుకోవాల్సిన పని లేదు. ఆయన ఈ షరతు తన మీద, తన వంటిల్లు మీద పెట్టుకున్నారు. అడిగి వచ్చినవాళ్ల మీద ఎప్పుడూ పెట్టలేదు.

ఢిల్లీలో చాలా ఏళ్లు ఆయనకు స్థిరమైన ఇల్లు లేదు, ఇల్లు మారుతూనే ఉన్నారు. చివరకు నగరం రద్దీకి దూరంగా గియాస్‌పూర్‌కు చేరారు. మొదట్లో అక్కడ కూడా పస్తులే. ఇఫ్తార్ వేళకు గుమ్మం దగ్గర ఒక జంబీల్, అంటే జోలె లాంటిది, వేలాడదీసేవారు. ఊళ్లోవాళ్లు అందులో రొట్టె ముక్కలు వేసి పోయేవారు. ఒక సాయంత్రం ఆ ముక్కల్ని దస్తర్‌ఖాన్ మీద పోసి కూర్చుంటే ఒక బిచ్చగాడు వచ్చాడు. తిన్నాక మిగిలినవి అనుకుని మొత్తం ఎత్తుకుని పోయాడు. ఆయన నవ్వుకున్నారే తప్ప ఆపలేదు.

పొరుగున ఒక ఆడమనిషి ఉండేది. నూలు వడికి అమ్మి, ఆ డబ్బుతో బార్లీ కొనుక్కుని రొట్టె చేసుకునేది. ఖాన్ఖాలో పొయ్యి వెలగడం లేదని తెలిసి తన దగ్గర ఉన్న శేరున్నర పిండి పంపింది. ఆ పిండినే కుండలో ఉడకబెడుతుండగా ఒక ఫకీర్ వచ్చి అడిగాడని, ఆయన కుండే తీసి ముందు పెట్టారని, ఆ ఫకీర్ తిని కుండ పగలగొట్టి వెళ్లాడని, అప్పటి నుంచి ఆ గుమ్మంలోకి కానుకలు రావడం మొదలైందని సియర్-ఉల్-ఔలియాలో అమీర్ ఖుర్ద్ రాశారు. కరామత్ సంగతి నమ్మేవాళ్లు నమ్ముతారు. నేను ఆ శేరున్నర పిండి దగ్గర ఆగిపోతాను. ఢిల్లీ సుల్తానులకు కన్నెర్ర అయ్యేంత పెద్ద లంగర్‌కు ముందు వరసలో ఉన్నది ఒక పేద ఆడమనిషి సరుకు.

అదే కరువు రోజుల్లో జలాలుద్దీన్ ఖిల్జీ కొన్ని ఊళ్లు ఇనామ్‌గా ఇస్తానని కబురు పంపాడు. పస్తులు ఉంటున్న శిష్యుల్లో కొందరు తీసుకుందామన్నారు. ఆయన మిగతా సహచరులను అడిగారు. ఊళ్లు తీసుకుంటే ఇక ఈ గడపలో మంచినీళ్లు కూడా తాగమని వాళ్లు చెప్పారు. ఆయన సంతోషించి, సుల్తాన్‌కు వద్దని చెప్పి పంపారు. ఊళ్ల శిస్తు మీద నడిచే వంటిల్లు సుల్తాన్ వంటిల్లే అవుతుందని వాళ్లకు తెలుసు.

1280ల చివర్లో సుల్తాన్ కైకుబాద్ దగ్గర్లోనే కిలోఖ్రీలో కొత్త నగరం కట్టాడు. దాంతో గియాస్‌పూర్‌కు జనం పోటెత్తారు. అమీర్లు, సిపాయిలు, వ్యాపారులు, రైతులు అందరూ వచ్చారు. ఎవరూ ఖాళీ చేతులతో రాలేదు. అడగకుండా వచ్చిన ఈ కానుకల్ని ఫుతూహ్ అంటారు. డబ్బు, ధాన్యం, బట్టలు, మిఠాయి ఏదైనా కావచ్చు. ఫుతూహ్‌కు ఆయన పెట్టిన నియమం చాలా చిన్నది. వచ్చింది వచ్చినట్టు పోవాలి. సాయంత్రానికి ఏదీ మిగలకూడదు. ప్రతి శుక్రవారం జుమా నమాజుకు వెళ్లేముందు గోదాములు పూర్తిగా ఖాళీ చేయించి చీపురుతో ఊడ్పించేవారు. లెక్కల భాషలో చెప్పాలంటే ప్రతి వారం క్లోజింగ్ స్టాక్ సున్నా. ఏ ఆడిటర్ అయినా భయపడే పద్ధతి. కానీ ఆ వంటిల్లు దశాబ్దాల పాటు ఒక్క రోజు కూడా అప్పు మీద నడవలేదు.

లంగర్‌లో కులం, మతం అడగలేదు. వచ్చినవాడు కూర్చున్నాడు, తిన్నాడు. వెళ్లేటప్పుడు కొందరికి చేతిలో ఏదో ఒకటి పెట్టి పంపేవారు. ఈయన మాత్రం దాదాపు ఏడాది పొడవునా రోజాలు. ఇఫ్తార్‌కు సగం రొట్టె, ఒక రొట్టె, కాస్త కాకరకాయ లాంటి కూర. సహరీకి ఖ్వాజా అబ్దుర్రహీం పళ్లెం తెచ్చి పెడితే చాలాసార్లు ముట్టేవారు కాదు. మధ్యాహ్నం ఏమీ తినలేదు, ఇదీ తినకపోతే ఒంట్లో శక్తి ఎలాగని అతను బతిమాలేవాడు. మస్జిదుల మూలల్లో, దుకాణాల అరుగుల మీద ఎంతమంది ఖాళీ కడుపుతో పడుకుని ఉన్నారో, ఈ ముద్ద గొంతు ఎలా దిగుతుందని ఆయన ఏడ్చేవారట.

ఒక ఎండాకాలం గియాస్‌పూర్‌లో ఇళ్లు తగలబడ్డాయి. మంటలు ఆరేదాకా ఆయన కాళ్లకు చెప్పులు లేకుండా ఎండలో మేడ మీద నిలబడి చూస్తూ ఉన్నారు. తర్వాత ఖ్వాజా ఇక్బాల్‌ను పంపి కాలిపోయిన ఇళ్లు లెక్క పెట్టించారు. ప్రతి ఇంటికీ రెండు పళ్లేల భోజనం, ఒక కుండ చల్లటి నీళ్లు, రెండు వెండి టంకాలు పంపించారు. ఇది నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. ముందు లెక్క, తర్వాత సాయం. ఆ పూటకు తిండి, ఆ ఎండకు చల్లటి నీళ్లు, రేపటికి నగదు. టంకాకు 48 జీతళ్లని నాణేల చరిత్రకారులు లెక్క కట్టారు. అలావుద్దీన్ ఖిల్జీ బజార్లో గోధుమలు మణుగుకు ఏడున్నర జీతళ్లని చరిత్రకారుడు బరనీ రాశాడు. ఆ ధరలో చూస్తే రెండు టంకాలకు 12 మణుగులకు పైగా గోధుమలు వస్తాయి. ఆ నాటి మణుగు మన మణుగు కంటే చిన్నదే అనుకున్నా, ఒక కుటుంబం మళ్లీ పైకప్పు వేసుకునేదాకా నిలదొక్కుకోవడానికి అది సరిపోతుంది.

రంజాన్‌లో, వరదలప్పుడు, లాక్‌డౌన్‌లో మన దగ్గర కూడా రేషన్ కిట్లు బాగానే పంచారు, పంచుతున్నారు. అల్లాహ్ కబూల్ చేయాలి. కానీ ఐదు కిలోల బియ్యం సంచి పట్టుకున్న ఆడమనిషి పక్కన నలుగురు నిలబడి ఫొటో దిగడం చూసినప్పుడల్లా నాకు తలపాగాలో తెలగపిండి దాచుకున్న మౌలానా గుర్తొస్తారు. వార్త కోసం ఆ ఫొటోలు మాకే పంపిస్తారు కాబట్టి చెబుతున్నాను.

ఇక సుల్తానులు. ఆయన తన జీవితకాలంలో ఢిల్లీ తఖ్త్ మీద ఎందరినో చూశారు, దర్బార్‌కు మాత్రం వెళ్లలేదు. అలావుద్దీన్ కొడుకు కుత్బుద్దీన్ ముబారక్‌కు (1316-20) ఈ జనం, ఈ లంగర్ కంటగింపు అయ్యాయి. అమీర్లు ఇచ్చే సొమ్ముతోనే అది నడుస్తోందని ఎవరో చెబితే, ఎవరూ గియాస్‌పూర్‌కు వెళ్లకూడదని, కానుకలు ఇవ్వకూడదని హుకుం జారీ చేశాడంటారు. ఆ కబురు వినగానే ఈయన ఇక్బాల్‌ను పిలిచి ఆ రోజు నుంచి లంగర్ ఖర్చు రెట్టింపు చేయమన్నారట.

ఆ సుల్తాన్‌ను చంపి కొద్ది నెలలు గద్దె మీద ఉన్న ఖుస్రో ఖాన్, మద్దతు కోసం ఖజానా నుంచి షేక్‌లందరికీ డబ్బు పంచాడు. నిజాముద్దీన్ ఔలియాకు ఐదు లక్షల టంకాలు వచ్చాయి. 1320లో గియాసుద్దీన్ తుగ్లక్ వచ్చి ఆ డబ్బు వెనక్కి ఇమ్మన్నాడు. కొందరు షేక్‌లు ముందు జాగ్రత్తగా దాచి ఉంచారు, అప్పగించేశారు. ఈయన దగ్గర ఏముంది? వచ్చిన రోజే పేదల ఇళ్లకు వెళ్లిపోయింది. అది బైతుల్‌మాల్ సొమ్ము, హక్కుదారులకే చేరిందని జవాబు పంపారు. ఆ తర్వాత సమా మీద విచారణ పెట్టారు, ఆయన్ను ఉలమాల సభకు పిలిపించారు, అదంతా పెద్ద కథ. డబ్బు మాత్రం వెనక్కి రాలేదు.

ఆ వంటిల్లు కథలో దక్కన్‌కు కూడా భాగం ఉంది. ఖాన్ఖాలో వంట బాధ్యత చూసిన శిష్యుడు బుర్హానుద్దీన్ గరీబ్, తర్వాత దౌలతాబాద్ వచ్చి స్థిరపడ్డారు. 1337లో కన్నుమూశారు, మజార్ ఖుల్దాబాద్‌లో ఉంది. 1948 వరకు అది మన నిజాం రాజ్యంలోని ఊరే. ఆయన మాటల్ని ఏళ్ల తరబడి కూర్చుని ఫవాయిద్-ఉల్-ఫువాద్‌గా రాసిపెట్టిన అమీర్ హసన్ సిజ్జీ మజార్ కూడా అక్కడే. 1347లో బహమనీ రాజ్యం పెట్టిన హసన్ గురించి దక్కన్‌లో ఒక కథ ఉంది. అతను పేదవాడిగా గియాస్‌పూర్ గుమ్మంలో నిలబడితే, దస్తర్‌ఖాన్ అప్పటికే ఎత్తేశారట. హజ్రత్ తన ఇఫ్తార్ కోసం దాచుకున్న రొట్టెను వేలి కొన మీద గొడుగులా నిలబెట్టి అతని చేతికిచ్చారని, అది రాజఛత్రానికి సూచన అయ్యిందని చెబుతారు. కథే అనుకోండి. కానీ ఒక రాజవంశం తన మొదలు కత్తితో కాకుండా ఒక లంగర్ రొట్టెతో చెప్పుకుంది.

1325లో ఆయన మంచం పట్టారు. తిండి దాదాపు మానేశారు. చివరి రోజుల్లో ఇక్బాల్‌ను పిలిచి ఖాన్ఖాలో గింజ కూడా మిగలకుండా పంచేయమని చెప్పారు. ఇక్బాల్ అన్నీ పంచాడు, ఖాన్ఖాలో ఉండే ఫకీర్లకు కొన్ని రోజులకు సరిపడా ధాన్యం మాత్రం ఆపాడు. అతని ఆలోచన తప్పేమీ కాదు, ఇంటి పెద్ద పోతే మర్నాడు పొయ్యి వెలగాలి కదా. అది తెలిసి హజ్రత్‌కు కోపం వచ్చింది. జనాన్ని పిలిపించి, గోదాముల తలుపులు పగలగొట్టి ధాన్యం మొత్తం ఎత్తుకుపొమ్మన్నారు. ఖాళీ అయ్యాక నేల ఊడ్వమన్నారు. కాసేపట్లో అంతా అయిపోయింది.

తర్వాత సేవకులు చుట్టూ చేరి, మీ తర్వాత మా తిండి సంగతేమిటని అడిగారు. తన సమాధి దగ్గరికి వచ్చేది వాళ్లకు సరిపోతుందని ఆయన చెప్పారు. రబీ-ఉస్-సానీ 18న, అంటే 1325 ఏప్రిల్ 3న కన్నుమూశారు. గియాస్‌పూర్ పేరు పోయి ఆ చోటు నిజాముద్దీన్ బస్తీ అయింది. అక్కడ లంగర్ ఇప్పటికీ పెడుతున్నారు.